ఆటల కంప్యూటరు - అమ్మ ఇచ్చిన పైకం

సావనీరు అంటే ప్రేమ కవితలూ, ప్రిన్సిపాల్ గారి సందేశమూ, గ్రూపు ఫోటోలూ. వాటి మధ్య గేమింగ్ కంప్యూటరు మీద వ్యాసమేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వండి. కాని రాత్రి పదకొండు దాటాక మన హాస్టల్ గదుల్లో జరిగే చర్చల్లో సగం దేని గురించో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి అచ్చులో ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

మా మిత్రుడొకడిది శామీర్‌పేట దగ్గరి పల్లె. వాళ్ళమ్మ మహిళా సంఘంలో అప్పు తీసి ముప్పై అయిదు వేలు చేతిలో పెట్టింది. "సదువుకు గూడ పనికొస్తదంటివి గద బిడ్డా, తెచ్చుకో" అంది. వాడు రాజీవ్ రహదారి మీద బస్సెక్కి, అల్వాల్, తిరుమలగిరి దాటి సికింద్రాబాదులో దిగి ఒక దుకాణంలోకి పోయాడు.

"ఏం గావాలె తమ్మీ?"

"గేమింగ్ పీసీ అన్నా."

"ఐ సెవెన్ ఇస్త. పదహారు జీబీ ర్యామ్, గ్రాఫిక్ కార్డు. లోపల లైట్లు గూడ ఎలుగుతయి."

లైట్లు వెలిగాయి. ఆట మాత్రం నడవలేదు. తెర మీద మనిషి అడుగు తీసి అడుగు వేయడానికి ఆపసోపాలు పడ్డాడు. విప్పి చూస్తే ఐ7 నిజమే, కాని మూడో తరానిది, 2012 నాటిది. గ్రాఫిక్ కార్డూ నిజమే, జీటీ 730, అది 2014లో వచ్చింది. దుకాణదారు ఒక్క అబద్ధమూ ఆడలేదు! ఇంటిపేరు చూసి మురిసిపోయి పెళ్ళికొడుకు వయసు అడగకుండా సంబంధం ఖాయం చేసుకున్నట్టయింది మావాడి పని. పైగా ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కు అనుమతి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సంఘం అప్పు కిస్తీలు మాత్రం ఇంకా ముగియలేదు.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డబ్బున్నవాడు తప్పు కొంటే మళ్ళీ కొంటాడు. మనం ఒక్కసారే కొంటాం. కాబట్టి మనం చూడవలసింది పేరు కాదు, పొందిక. చెరువు నిండా నీళ్ళున్నా తూము సన్నగా ఉంటే కింది మడికి చేరేది తూము పట్టినన్ని నీళ్ళే. కంప్యూటరూ అంతే. అన్నిటికంటే బలహీనమైన భాగం ఎంత నడవనిస్తే అంతే నడుస్తుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రాసెసర్ దగ్గర కాదు, ఆట దగ్గర. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటివి ఆడేవాడికీ, సైబర్‌పంక్ 2077 వంటిది ఆడాలనుకునేవాడికీ ఒకే పెట్టె సరిపోదు. మొదటి రకానికి కార్డు లేకుండానే మొదలుపెట్టవచ్చు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి లాంటి వాటిలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. కార్డు తర్వాత, చేతిలో డబ్బు ఆడినప్పుడు కొనుక్కోవచ్చు. రెండో రకానికైతే మొత్తం పైకంలో మూడో వంతుకు పైగా కార్డుకే పోతుంది, పోనివ్వాలి.

ఆట తర్వాత తెర. సెకనుకు అరవై బొమ్మలు చూపే మానిటర్ పెట్టుకుని నూట నలభై గీసే కార్డు కొంటే, ఆ మిగతా ఎనభై మనకు కనిపించేవి కావు. 4కె తెరకు మామూలు ఫుల్ హెచ్.డి. తెర కంటే నాలుగింతల చుక్కలు గీయాలి. మన పైకానికి ఫుల్ హెచ్.డి. చాలు.

ర్యామ్ విషయంలో పదహారు జీబీ ఒకే కడ్డీగా కాకుండా ఎనిమిదేసి జీబీల కడ్డీలు రెండు తీసుకోండి. రెండు దారుల్లో రాకపోకలు సాగుతాయి. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు ఈ తేడా మరీ కనిపిస్తుంది, ఎందుకంటే అది వాడుకునేదీ ఈ ర్యామునే. అయితే 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ యంత్రాలకు మెమరీ గిరాకీ పెరిగి, తయారీదారుల చూపు అటు మళ్ళింది. అందుకే కొనబోయే ముందు ఆ వారం ధర కనుక్కోండి, సీనియర్ చెప్పిన నిరుటి ధర నమ్ముకుని బస్సెక్కకండి.

ఇక ఎవరూ పట్టించుకోని భాగం ఎస్.ఎం.పి.ఎస్. లైట్లకు వెయ్యి రూపాయలు పెట్టేవాడు దీని దగ్గర అయిదు వందలు మిగుల్చుకుంటాడు. బోరు మోటారు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి వేరే చెప్పాలా? ఓల్టేజీ సరిగా లేకపోతే ఎంత మంచి మోటారైనా కాలిపోతుంది. ఊరూ పేరూ లేని ఎస్.ఎం.పి.ఎస్. పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోవచ్చు. పెట్టె మీది "80 ప్లస్" గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది, అంతే. కంపెనీ పేరూ వారంటీ కూడా చూసుకోవాలి.

బోర్డు కొనేటప్పుడు రేపటిని తలచుకోండి. 2017 నాటి ఏ.ఎం.4 బోర్డుల్లో చాలావాటికి బయాస్ మార్చుకుంటే 2022లో వచ్చిన ప్రాసెసర్లూ పనిచేశాయి. అలాంటి బోర్డు ఉన్నవాడు పెట్టె మార్చకుండానే అయిదేళ్ళు ముందుకు నడిచాడు.

పాత కార్డు కొనవచ్చునా? కొనవచ్చు, కాని నడుస్తుండగా చూసి కొనాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారడంతో రాత్రింబగళ్ళు మైనింగ్ చేసిన కార్డులు ఎన్నో అంగళ్ళలోకి వచ్చాయి. అరగంట ఆట ఆడించి, ఫ్యాను చప్పుడు విని, వేడి చూసి, అప్పుడు బేరమాడండి.

చివరిగా బిల్లు. "బిల్లు లేకుంటే తగ్గిస్త తమ్మీ" అనే మాట తియ్యగా ఉంటుంది. 18 శాతం జి.ఎస్.టి. లెక్కన యాభై వేల బిల్లులో పన్ను సుమారు 7,600. చిన్న మొత్తమేమీ కాదు. కాని రేపు కార్డు ఆగిపోతే వారంటీ అడగడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, ప్రతి భాగం పేరూ నంబరుతో కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చి ఒక రాత్రి ఆలోచించండి. మేడ్చల్ వాళ్ళకైతే 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదుకు ఎం.ఎం.టి.ఎస్. రైలూ ఉంది. రెండుసార్లు పోయి రావడానికయ్యే ఖర్చు ఒక్క తప్పు భాగం ధరకంటే తక్కువే.

అసలు ఆటలెందుకని పెద్దలడుగుతారు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-ఆటలకు పతకాలిచ్చారని వాళ్ళతో వాదించను. మనలో పతకం తెచ్చేవాళ్ళెందరు? మా మిత్రుడు "చదువుకు" అన్న మాటలో సగమే నిజముంది, అది వాడికీ తెలుసు. ఆడుకోవడానికే కావాలని చెప్పినా ఆ తల్లి ఇచ్చేదేమో. అందుకే జూనియర్లకు నా మనవి: ఇంట్లో నిజం చెప్పి అడగండి, దుకాణంలో నిజం రాయించుకుని కొనండి.

మావాడు ఇప్పుడు నెలనెలా కొంత దాచి బోర్డు మార్చే ప్రయత్నంలో ఉన్నాడు. ఈసారి ముందుగా అడిగింది లైట్ల సంగతి కాదు, ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లదని.