‘కూ’ నేర్పిన పాఠము

బెంగుళూరున 2020లో వెలసిన ‘కూ’ సంస్థ 2024 జూలైలో మూతపడెను. ట్విట్టరువలెనే ప్రజలు తమ భావములను తమ మాతృభాషలో ప్రకటించుకొనుటకు వేదిక యుండవలెనని అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కాలు దీనిని స్థాపించిరి. కన్నడముతో ఆరంభమై ఇది తెలుగు మొదలగు భాషలకు విస్తరించెను. స్వదేశీయమని దేశము నెత్తికెత్తుకొన్న సంస్థ నాలుగేండ్లకే యేల నేలవ్రాలెనో విచారించుట మన విధి.

దీనికి ఆదరణ కొరవడలేదు. 2020 ఆగస్టులో కేంద్రప్రభుత్వపు ఆత్మనిర్భర పోటీలో బహుమానము లభించెను. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వమునకును ట్విట్టరునకును వివాదము చెలరేగగా పీయూష్ గోయల్ మొదలగు మంత్రులు ఇందు చేరి, ఇతరులను చేరుడని పిలిచిరి. ఆ జూన్‌లో నైజీరియా ట్విట్టరును నిషేధించి, దీని నాశ్రయించెను. 2022 నవంబరులో బ్రెజిలు ప్రజలు తండోపతండములుగా వచ్చి చేరిరి. ఆ మాసముననే డౌన్‌లోడులు 5 కోట్లు దాటినవని సంస్థ చాటెను.

కాని యీ 5 కోట్లు దేని లెక్క? తమ ఫోనులలోనికి దించుకొన్నవారి లెక్క. మరునాడే తీసివేసినవారు సయితము ఇందు చేరియుందురు. ఈ సంఖ్యకు ఎక్కుటయే గాని దిగుట తెలియదు. సంస్థ యుచ్చస్థితిలో నున్నప్పుడు సయితము మాసమునకు వచ్చినవారు సుమారు కోటి, దినమునకు వచ్చినవారు సుమారు 21 లక్షలు మాత్రమేనని మూసివేయునాడు స్థాపకులే తెలిపిరి. అనగా డౌన్‌లోడులు నూరైనచో, నిత్యము వచ్చువారు నలుగురు! జల్లిన విత్తులను లెక్కించి పంట పండెనను రైతు లేడు. కళ్లమున కొలిచినదే దిగుబడి.

సరియైన కొలత యొకటి కలదు. ఒక్కొక్క మాసమున చేరినవారిని ఒక్కొక్క వరుసగా వ్రాసి, వారిలో మరుమాసమున నెందరు, ఆరవమాసమున నెందరు నిలిచిరో చూడవలెను. ఆ వరుసలు క్షీణించుచుండగా మొత్తము పెరుగుట, చిల్లికుండలో నీరు పోయుట వంటిది. వివాదము జనమును తెచ్చును. ప్రయోజనమే వారిని నిలుపును.

అట్లని స్థాపకుల ప్రయత్నమును తేలికచేయరాదు. దేశభాషలలో దినమునకు 21 లక్షలమందిని కూర్చుట సామాన్యము కాదు. ఇట్టి సంస్థకు ఏండ్లతరబడి యోర్చుకొను మూలధనము కావలెనని వారనుట సత్యమే. 2021 మేలో వచ్చిన 3 కోట్ల డాలర్లకు ముందు నిలిచినది న్యూయార్కునందలి టైగర్ గ్లోబల్ సంస్థ. లాభము త్వరగా కనబడనిచో పరదేశపు ధనము వెనుకంజ వేయుట వింత కాదు. స్వదేశీయమని జయజయధ్వానములు చేసిన మనవారి ధనమెక్కడ?

నేడు హైదరాబాదు, విశాఖపట్టణములందు మన యువకులెందరో ఇట్టి సంస్థలను స్థాపించుచున్నారు. ధనవంతులు వారికి చేయూత నీయవలెను. కాని డౌన్‌లోడుల డప్పు విని గాక, నిలిచినవారి లెక్క చూచి యీయవలెను. ప్రభుత్వమును బహుమానమిచ్చి చేతులు దులుపుకొనక, ఆ లెక్కనే యేటేట అడుగవలెను. స్థాపకులును దానిని దాచక ప్రకటింపవలెను. నిజమైన లెక్కలేని స్వదేశాభిమానము దేశమునకు మేలు చేయదు.