గురువును ప్రశ్నించడం అవినయమా?

"మా అబ్బాయి ఎంతో వినయవంతుడు, తరగతిలో నోరు విప్పడు" అని మన తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకుంటూ ఉంటారు. ఇంజనీరింగు తరగతిలో ఈ గుణం పెద్దగా నష్టం చేయకపోవచ్చు. ఇచ్చిన లెక్క చేసి, పరీక్ష రాసి, మంచి మార్కులతో బయటపడవచ్చు. కాని చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం, మతాధ్యయనం వంటి మానవీయ శాస్త్రాలలో ఎం.ఏ.కో పీహెచ్.డీ.కో చేరిన తెలుగు బిడ్డకు ఈ మౌనమే మొదటి శత్రువు. దానికి వినయమని పేరు పెట్టి పెంచి పోషిస్తున్నది మనమే. ఆ పేరు తగదని చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఈ శాస్త్రాల ఉన్నత తరగతిని సెమినార్ అంటారు. ఈ పద్ధతి జర్మనీ నుంచి వచ్చింది. 1787లో హాలె విశ్వవిద్యాలయంలో ఎఫ్.ఏ. వోల్ఫ్ ప్రాచీన భాషల అధ్యయనానికి నెలకొల్పిన సెమినార్ దాని ప్రసిద్ధమైన తొలి నమూనాలలో ఒకటి. 1876లో ఆరంభమైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఈ దేశంలో దాని వ్యాప్తికి దారి వేసింది. సాధారణంగా పది పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఆ వారం చదివిన గ్రంథాన్ని రెండు మూడు గంటలసేపు చర్చిస్తారు. రసాయనశాస్త్రానికి ప్రయోగశాల ఎటువంటిదో వీరికి ఆ సంభాషణ అటువంటిది. అక్కడ మాట్లాడని విద్యార్థి ప్రయోగశాలకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడినవాడితో సమానం. ప్రొఫెసర్ వారంలో కొన్ని గంటలు 'ఆఫీస్ అవర్స్' పేరిట తన గది తలుపు తెరిచి ఉంచేది కూడా ఆ సంభాషణ కొనసాగడానికే. మన పిల్లలలో చాలామంది ఆ గదిని, తప్పు చేసినవారిని పిలిపించే హెడ్మాస్టరు గదిగా భావించి దూరంగా తిరుగుతారు.

ఈ భయానికి ఒక కారణం మన భాషలోనే ఉన్నదని నా అభిప్రాయం. తెలుగులో మర్యాద క్రియాపదం చివర కూర్చుంటుంది. 'చెప్పు'కు 'అండి' చేర్చి 'చెప్పండి' అంటే చాలు, గౌరవం దానంతటదే వచ్చి చేరుతుంది. ఎంత బలమైన అభ్యంతరమైనా "మీరన్నది నాకు సరిగా తోచలేదండీ" అని చెప్పేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. ఇంగ్లీషులో గురువుకూ స్నేహితుడికీ ఒకటే 'యూ'. ఇంట్లో 'మీరు', 'గారు' అంటూ పెరిగిన పిల్లలకు అక్కడ మర్యాదను ఎక్కడ ఉంచాలో తెలియదు. కొందరు 'రెస్పెక్టెడ్ సర్' అని ఉత్తరం మొదలుపెడతారు, అవతల ఉన్నది మహిళా ప్రొఫెసర్ అయినా సరే. కొందరు నాలుగు వాక్యాలు క్షమాపణలకే ఖర్చు చేసి, అడగవలసినది అడగకుండానే ముగిస్తారు. మిగిలినవారు అసలు రాయనే రాయరు.

ఇంగ్లీషులో మర్యాద లేదని కాదు, దాని స్థానం వేరు. గ్రంథం చదివి రావడం మర్యాద. ఏ పుటలో ఏ మాట దగ్గర సందేహం కలిగిందో స్పష్టంగా చెప్పడం మర్యాద. గడువు దాటబోతున్నదని ముందుగానే తెలియజేయడం మర్యాద. 'ప్రొఫెసర్' అన్న మాట తరువాత వారి ఇంటిపేరు, ఒకే ప్రశ్న, పుట సంఖ్య, ఎప్పుడు కలవవచ్చునన్న అభ్యర్థన, చివర ధన్యవాదం: ఐదారు వాక్యాలు చాలు. కృత్రిమ మేధ చేత రాయించిన నున్నని ఉత్తరం ఈ పని చేయదు. ప్రశ్న ఎవరిదో వారి గొంతే అందులో వినిపించాలి.

"గురువును ఎదురు ప్రశ్నించడం మన సంప్రదాయం కాదు" అనే పెద్దలకు ఒక మనవి. ప్రశ్న పేరుతోనే మనకు ఒక ఉపనిషత్తు ఉన్నది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వారిని ఒక సంవత్సరం నియమంతో ఉండి, ఆ తరువాత కోరిన ప్రశ్నలు అడగమంటాడు. తనకు తెలిసి ఉంటే చెబుతానంటాడు. ఇందులో మూడు సంగతులు గమనించదగినవి. శిష్యుడు సిద్ధపడి అడగాలి. గురువు అడగనివ్వాలి. తనకు తెలియనిది ఉండవచ్చునని గురువు ముందే ఒప్పుకోవాలి. మంచి సెమినార్‌కు ఇంతకంటె వేరే నియమాలు లేవు.

ఉపనిషత్తు దూరమనిపిస్తే మన అవధానాన్ని చూడండి. ఇక్కడి తెలుగు సభలలోనూ ఆలయాలలోనూ మనం ముచ్చటపడి జరిపించుకునే అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు పండితుణ్ణి చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తారు. అప్రస్తుత ప్రసంగి పనే మధ్యలో అడ్డు తగలడం. దీనిని ఎవరూ అవినయం అనరు. పృచ్ఛకులు చేతులు జోడించి మౌనంగా కూర్చుంటే అవధానమే లేదు. అయితే పృచ్ఛకుడికి ఛందస్సు తెలియాలి, పద్యం ఎటు నడుస్తున్నదో పసిగట్టగలగాలి. అడిగే అధికారం అతనికి ఆ చదువు వలన వచ్చింది. పండితుణ్ణి నిండు సభలో ప్రశ్నించడాన్ని ఒక కళగా మలచుకున్న జాతి, తన పిల్లలకు మాత్రం నోరు మూసుకోమని నేర్పడం ఏ సంప్రదాయం?

ఈ మౌనం వలన పోతున్నది మార్కులే కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో తొలిసారి అచ్చయింది. బాగా పెరిగి మారిన రూపం 1909లో వచ్చింది. దానిని వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి అనువదించి 2007లో 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో ప్రచురించారు. ఈ పుస్తకాన్ని ఒక సెమినార్‌లో చదువుతున్నారనుకోండి. ప్రొఫెసర్‌కు తెలుగు రాకపోవచ్చు. ఆ గదిలో 'శుల్కం' అన్న మాట చెవిన పడి పెరిగినది మన అమ్మాయి ఒక్కతే కావచ్చు. శుల్కం అంటే రుసుము కూడా కదా, 'అమ్మకం' అన్న పేరు వలన నాటకం మన ముందుకు వచ్చే తీరు ఎలా మారింది? కన్యకు శుల్కం పుచ్చుకోవద్దని తండ్రిని మనుస్మృతి హెచ్చరించింది కదా, ఆ పాత నింద గురజాడ పెట్టిన పేరులో వినబడుతున్నదా? ఇవి మంచి ప్రశ్నలు. అనువాదకుణ్ణి తప్పుపట్టకుండానే ఆయన ఎంపికను అర్థం చేసుకునే ప్రశ్నలు. ఆమె అడగకపోతే ఆ గదిలో మరెవరూ అడగలేరు. ఆ రోజు నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు, బల్ల చుట్టూ కూర్చున్న అందరూ, గురజాడ కూడా.

"విశ్వవిద్యాలయాలలో మన సంస్కృతిని వక్రీకరిస్తున్నారు" అన్న ఆవేదన మన సమాజంలో తరచుగా వినిపిస్తుంది. ఆ ఆవేదన కొన్నిచోట్ల న్యాయమైనదే కావచ్చు. కాని తరగతిలో మన బిడ్డ పెదవి విప్పనిచ్చకుండా, బయట మనం సంతకాలు సేకరించడంలో అర్థమేమిటి? మౌనం అర్ధాంగీకారమన్న సామెత మనదే. మూల గ్రంథం చేత పట్టుకుని "ఈ మాటకు ఇంకొక అర్థం ఉన్నది, పరిశీలిద్దామా?" అని అడిగిన ఒక విద్యార్థి చేసే మేలు వెయ్యి సంతకాలు చేయలేవు. నిజాయితీ గల పండితుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. మన నమ్మకమే పొరపాటని తేలితే, అది తెలుసుకోవడమూ లాభమే.

ప్రొఫెసర్ చేతిలో అధికారం ఉన్నదన్న మాట కాదనలేనిది. గ్రేడు, పరిశోధనకు అనుమతి, సిఫారసు లేఖ ఆయన చేతిలోనివే. ప్రశ్నిస్తే చిన్నబుచ్చుకునేవారూ ఉంటారు. అటువంటప్పుడు విభాగంలో గ్రాడ్యుయేట్ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆచార్యుణ్ణి సంప్రదించవచ్చు. చాలా విశ్వవిద్యాలయాలలో గోప్యంగా సలహా ఇచ్చే ఆంబుడ్స్ కార్యాలయం కూడా ఉంటుంది. కాని భయపడి మాట్లాడకపోతే ఆ అధికారం తగ్గదు. డాక్టరేటు ప్రవేశానికి సాధారణంగా మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. ఏడాదంతా నోరు విప్పని విద్యార్థి గురించి ఏ గురువైనా ఏమి రాయగలడు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగని వాడి ఆలోచన ప్రొఫెసర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇక తల్లిదండ్రులుగా మనం మానుకోవలసినవి రెండు. మొదటిది, పిల్లల బదులు మనమే ప్రొఫెసర్‌కు రాయడం. ఫెర్పా అని పిలిచే 1974 నాటి చట్టం ప్రకారం, విద్యార్థి ఉన్నత విద్యాసంస్థలో చేరగానే తన విద్యా రికార్డులపై హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి సంక్రమిస్తుంది. కనుక మన ఉత్తరానికి ప్రొఫెసర్ సాధారణంగా బదులు చెప్పరు. చెప్పగలిగినా, పాతికేళ్ల మనిషి తరఫున అమ్మానాన్నలు మాట్లాడడం ఆ మనిషికి అవమానం. రెండవది, గ్రేడు కోసం బేరమాడమని ఉసిగొల్పడం. చదువు గురించి ఏడాదంతా మాట్లాడనివాడు మార్కుల కోసం మాత్రం గొంతెత్తితే, అది ప్రశ్నించడం అనిపించుకోదు.

ఈ విద్య ఇరవయ్యేళ్ల వయసులో హఠాత్తుగా రాదు. మన ఆలయ ఆదివారపు తెలుగు తరగతులలో పిల్లల చేత పద్యాలు వల్లె వేయిస్తున్నాం, చప్పట్లు కొడుతున్నాం. ఇకమీదట పద్యం అప్పజెప్పిన ప్రతి బిడ్డ చేతా ఆ పద్యం గురించి ఒక ప్రశ్న కూడా అడిగిద్దాం. ఉపాధ్యాయులకు జవాబు తెలియకపోతే "తెలియదు, వచ్చే వారం వెతికి చెబుతాను" అని పిప్పలాదుడిలాగే ఒప్పుకుందురు గాక. పురాణ ప్రవచనం ముగిశాక పావుగంట పిల్లల ప్రశ్నలకు కేటాయిద్దాం, పెద్దలు ఆ పావుగంట వింటూ కూర్చుందాం. అలా పెరిగిన బిడ్డ రేపు ఏ సెమినార్ బల్ల ముందు కూర్చున్నా 'అండీ' అన్న మాట లేకుండానే మర్యాదగా అడగగలుగుతుంది.