విలన్ ఫోన్లో వున్నాడు!

పోయిన ఆదివారం తిరుపతిలో మ్యాట్నీకి వెళ్ళాను. విలన్ హీరో చెల్లెల్ని ఎత్తుకుపోయే సీను. హాలంతా ఈలలు! సరిగ్గా అప్పుడే జేబులో ఫోను గింజుకుంది. తెలీని నెంబరు. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్. మూడోసారి విసుక్కుంటూ బయటికొచ్చి తీశాను.

"రేయ్ నాయనా, నేనురా చిత్తూరు చిన్నమ్మను! పాపను పోలీసులు పట్టుకున్నారంటరా!"

బెంగుళూరులో చదివే చెల్లెలు మత్తుమందుల కేసులో దొరికిందట. ఎవరో 'ఇన్‌స్పెక్టరు' ఫోన్ చేసి చెప్పాడట. వెనకాల ఒక ఆడపిల్ల "అమ్మా!" అని ఏడుస్తోందట. 80,000 పంపితే పేరు బయటికి రాదు, ఎవరికైనా చెప్పావో జైలే! చిన్నమ్మ అప్పటికే 20,000 పంపేసింది. రెండావుల పాలు పోసి కూడబెట్టిన హాస్టల్ ఫీజు అది.

"నీ ఫోనేమైంది చిన్నమ్మా?"

"ఆయన లైన్లోనే ఉండాడురా! కట్ చేస్తే పాపను లోపలేస్తానన్నాడు. పక్కింటామె ఫోనుతో చేస్తా ఉండా."

"ముందు దాన్ని కట్ చెయ్!"

"అమ్మో, నా వల్ల కాదు నాయనా..."

చెల్లెలికి ఫోన్ చేశాను. మోగుతోంది, తీయదు. నిజం చెప్తున్నాను మిత్రులారా, ఆ నాలుగు నిమిషాలూ నేనూ నమ్మాను. సినిమా కథల్లో లాజిక్కు లేదని వారం వారం వెక్కిరించే నేను! చివరికి హాస్టలు ఆఫీసుకి చేస్తే పిలిపించారు. "ఏందన్నా, బట్టలు ఉతుక్కుంటా ఉండా" అంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

2018లో విశాల్ 'అభిమన్యుడు' చూసి, అర్జున్ వేసిన విలన్ తెలివికి వామ్మో అనుకున్నాం. ఆ విలన్‌కి కంప్యూటర్లు కావాలి. మా చిన్నమ్మ దగ్గరికొచ్చిన విలన్‌కి ఒక ఫోనూ, నాలుగు డైలాగులూ చాలు!

అందుకే ఒక మాట చెప్తాను. నెంబరు చూసి మనిషిని తేల్చకండి. మా చిన్నమ్మ నిజంగా ఆపదలో వుండి చేసిందీ తెలీని నెంబరు నుంచే కదా! ట్రూకాలర్‌లో 'పోలీస్' అని పడిందనీ, వాట్సాప్‌లో ఖాకీ చొక్కా ఫొటో వుందనీ నమ్మొద్దు. ఆ పేరు సర్కారు వేసిన ముద్ర కాదు. చొక్కా ఎవడైనా తొడుక్కోవచ్చు. నెంబర్లలో గుర్తుపెట్టుకోదగ్గది ఒకటుంది. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు యిచ్చింది. బ్యాంకులు లావాదేవీల కోసం చేసే కాల్స్ 1600తోనూ, ప్రచారం కాల్స్ 140తోనూ మొదలవ్వాలని. మామూలు పది అంకెల నెంబరు నుంచి 'బ్యాంకు మేనేజరు' మాట్లాడాడంటే అనుమానించాల్సిందే.

అసలు గుర్తు డైలాగులో వుంది. కథ ఏదైనా సరే, స్క్రీన్‌ప్లే ఒకటే. ముందు భయమో ఆశో పెడతాడు. తర్వాత తొందరపెడతాడు. ఆపైన 'ఎవరికీ చెప్పొద్దు' అంటాడు. కొండకొచ్చే భక్తులకైతే భయం బదులు ఆశ: "300 రూపాయల దర్శనం టిక్కెట్లు రెండే మిగిలాయి, రూము కూడా వుంది, ఇప్పుడే పంపండి" అంటాడు. ఇంకొకడు వీడియోలో 'డిజిటల్ అరెస్టు' అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి కూడా యీ సంగతే చెప్పారు.

మరి ఏం చెయ్యాలి? కట్ చెయ్యాలి! చెప్పడం తేలికే. మాట్లాడుతుండగా ఫోన్ పెట్టెయ్యడం అమర్యాద అని మన పెద్దవాళ్ళ భావన. విలన్ బతికేది ఆ మర్యాద మీదే. కట్ చేసి, మన దగ్గర ముందునుంచీ వున్న నెంబరుకి మనమే చెయ్యాలి. పిల్ల తీయకపోతే హాస్టలుకి, బ్యాంకంటే పాసుబుక్కు మీద వున్న నెంబరుకి. డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి చెప్పాలి. ఎంత తొందరగా చెప్తే, ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా ఆ కాల్ సంగతి టెలికాం శాఖ 2024 మార్చిలో పెట్టిన 'చక్షు'లో రాయొచ్చు. అది సంచార్ సాథీలో వుంటుంది. ఊరికే విసిగించే వ్యాపారపు కాల్స్‌కి 1909 వుంది.

మేమూ 1930కి చెప్పాం. ఫిర్యాదు నెంబరు వచ్చింది. ఆ 20,000 మాత్రం యింకా రాలేదు. చిన్నమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. డబ్బు పోయినందుక్కాదట. "ఆ ఏడ్చింది నా బిడ్డ కాదని నాకు తెలీకపాయనే" అని!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! యీ వారం సినిమాకి పోయేముందు అమ్మ పక్కన పది నిమిషాలు కూర్చోండి. ఇంట్లోవాళ్ళకే తెలిసిన గుర్తుమాట ఒకటి పెట్టుకోండి. షూటింగులో 'కట్' అనే హక్కు డైరెక్టరుది. ఫోన్లో ఆ హక్కు మీ అమ్మదే అని చెప్పండి.

నిన్న కొత్త సిమ్ నుంచి చిన్నమ్మకి ఫోన్ చేశాను. "నేను చిన్నమ్మా..." అన్నానో లేదో, "అట్లనా? మా పెద్దావు పేరేందో చెప్పు!" అంది.

చెప్పాకే మాట్లాడింది. ఆ పేరు మాత్రం మీకు చెప్పనుగాక చెప్పను!