ట్యాబ్ సర్కారుది, తాళం ఎవరిది?

పెద్ద అంబర్‌పేట్ ఔటర్ జంక్షన్‌లో దిగే హడావుడిలో బస్సులో మరచిపోయిన సంచి రెండు గంటల్లో సూర్యాపేటలో ఉంటుంది. అందులో సొంత ఫోను ఉంటే నష్టం ఒక్కరిది. ఆఫీసు ఇచ్చిన ట్యాబ్ ఉంటే గర్భిణుల వివరాలు, పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు, ఇంటిపన్ను బకాయిల జాబితాలు దానితో పాటే వెళ్లిపోతాయి. అంగన్‌వాడీల్లో 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ ఫోన్‌లోనే నడుస్తోంది. సర్కారు బడుల్లో ముఖ గుర్తింపు హాజరూ అంతే. హాస్టళ్లు, ప్రైవేటు కాలేజీలు, ఆస్పత్రులు కూడా సిబ్బంది చేతికి పరికరాలు ఇస్తున్నాయి. ఇచ్చేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటాయి, ఛార్జర్‌తో సహా రాసుకుంటాయి. అందులో ఏ ఖాతా తెరిచారన్నది మాత్రం ఎక్కడా రాసుకోవు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కొత్త ట్యాబ్ ఆన్ చేయగానే గూగుల్ ఖాతా అడుగుతుంది. ఆఫీసు ఖాతా ఏదీ ఇవ్వలేదు, యాప్‌లు ఈరోజే దిగాలి. దాంతో టీచరు తన సొంత జీమెయిల్ కొట్టేస్తారు. బిల్లు ఎవరి పేరున ఉన్నా, ఆ క్షణం నుంచి ట్యాబ్ లెక్కలో యజమాని ఆ టీచరే. ఏడాది తర్వాత ఆమెకు బదిలీ అవుతుంది. స్క్రీన్ లాక్ తెలియని కొత్త టీచరు పక్క బటన్లు నొక్కిపట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. తెర మళ్లీ వెలుగుతుంది, భాష అడుగుతుంది, వైఫై అడుగుతుంది, ఆ తర్వాత ఇంతకుముందు వాడిన ఖాతాతోనే లోపలికి రమ్మంటుంది. పాత టీచరు పాస్‌వర్డ్ మరచిపోయారు, నంబరూ మార్చేశారు. ట్యాబ్ పగల్లేదు, పోలేదు, అయినా బీరువాలో పడింది. దొంగలకు పనికిరాకుండా చేయాలని ఆండ్రాయిడ్ 2015లో ఈ రక్షణ తెచ్చింది. యాపిల్ అంతకు రెండేళ్ల ముందే తెచ్చింది. ఖాతా సంస్థది కాకపోతే ఆ రక్షణే సంస్థకు అడ్డం తిరుగుతుంది.

ఖాతా తీసేయకుండా ట్యాబ్ చేతులు మారితే మరో ప్రమాదం. పాత ఉద్యోగి ఫొటోలు, కాంటాక్టులు, మెయిళ్లు కొత్తవారి ముందు తెరుచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మార్చి 30న ఎన్నికల సంఘం గ్రామ, వార్డు వాలంటీర్లను నగదు పంపిణీకి దూరం పెడుతూ, వారికిచ్చిన ఫోన్లు, ట్యాబ్‌లు జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలని ఆదేశించింది. వాలంటీర్ల సంఖ్య రెండున్నర లక్షల పైమాటే. పరికరాన్ని వెనక్కి రమ్మనడానికి ఒక్క ఆదేశం చాలు. అందులో తెరిచిన ఖాతాలను మూయడానికి, సమాచారం తుడవడానికి ముందే ఏర్పాటు ఉండాలి. ఏ ప్రభుత్వమైనా అప్పగింత పత్రంలో దానికో గడి చేర్చాల్సిందే.

ఆ రాష్ట్రమే మరో పెద్ద పాఠం చెప్పింది. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి టీచర్లకు 5,18,740 ట్యాబ్‌లు ఇచ్చారు. అనవసరమైన సైట్లు తెరుచుకోకుండా నియంత్రణ సాఫ్ట్‌వేర్ వేశామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇక్కడ చూడాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ ఎలా దిగిందన్నదే. మామూలు యాప్‌లా దించితే రీసెట్‌తో పోతుంది. పెట్టె విప్పకముందే సీరియల్ నంబరు సంస్థ పేరున నమోదైతే, ఎన్నిసార్లు రీసెట్ చేసినా నెట్ అందగానే అదే నియంత్రణ తిరిగొస్తుంది. చిన్న కాలేజీకి ఇంకో దారి ఉంది. కొత్త ట్యాబ్ మొదటి తెర మీద ఒకేచోట ఆరుసార్లు తాకితే క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది. నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోడ్ చూపిస్తే చాలు, ఎవరి జీమెయిలూ అక్కర్లేకుండా పరికరం సంస్థ అదుపులోకి వస్తుంది. ట్యాబ్‌కు ఐదు నిమిషాల పని.

ట్యాబ్ పోయిన రోజు సంగతికొద్దాం. సంస్థ అదుపులో ఉన్న పరికరానికి ఆఫీసులో కూర్చునే తాళం వేయొచ్చు, సమాచారం తుడిచేయొచ్చు. కానీ నెట్ ఉన్నంతసేపే ఆ ఆదేశం చేరుతుంది. సిమ్ తీసేశాక పంపితే ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకే బస్సు చౌటుప్పల్ దాటేలోపే ఆ పని జరగాలి. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు, పోయిన ఫోన్లను అడ్డుకునే సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ (పరికరం గుర్తింపు నంబరు) బ్లాక్. 2023 నుంచి దేశమంతటా ఉన్న ఈ సదుపాయాన్ని తెలంగాణ పోలీసులు బాగా వాడి ఎన్నో ఫోన్లు తిరిగి ఇప్పించారు. అయితే ఐఎంఈఐ రాసి ఉన్న పెట్టె స్టోర్ రూమ్‌లో, బిల్లు జిల్లా కార్యాలయంలో ఉంటే పోగొట్టుకున్న ఆయా ఏం చేయగలదు? సిమ్ లేని వైఫై ట్యాబ్‌కు అసలు ఐఎంఈఐ ఉండదు. దానికి దిక్కు సంస్థ వేసిన తాళమే.

ఈ మొత్తాన్ని చెడగొట్టేది భయం. జీతంలో కోస్తారన్న బెదురుతో చిరుద్యోగి రెండు రోజులు తానే వెతుక్కుంటుంది. ఆ రెండు రోజులూ తాళం పడదు. వెంటనే చెప్పినవారి నుంచి రూపాయి కూడా వసూలు చేయబోమని సంస్థలు రాతపూర్వకంగా ప్రకటించాలి. అలాగే ఆఫీసు పరికరం ఎక్కడుందో ఎప్పుడు, ఎవరు చూస్తారో సిబ్బందికి ముందే చెప్పాలి. డ్యూటీ అయ్యాక ఆమె ఎక్కడికి వెళ్లిందన్నది ఆఫీసుకు అనవసరం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంటుంది. ప్రధాన బాధ్యతలు 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. ఆలోగా ప్రతి బడి, ప్రతి మున్సిపల్ ఆఫీసు రెండు పనులు పూర్తిచేయాలి. ఇప్పటికే పంచిన ట్యాబ్‌లను వచ్చే సెలవుల్లో వెనక్కి తీసుకుని, సొంత ఖాతాలు వాటి యజమానుల చేతే తీయించాలి. ఇకపై కొనే ప్రతి ట్యాబ్ సంస్థ పేరున నమోదై వస్తేనే బిల్లు చెల్లిస్తామని టెండర్‌లో రాయాలి.