పతకం తర్వాతే జీతమా?

ఐస్ హాకీలో ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బు 18 ఏళ్ళ కుర్రాడితో సంతకం పెట్టించుకుందంటే, మూడేళ్ళ కాంట్రాక్టు చేతికొచ్చినట్టే. మా నిజామాబాద్‌లో ఐసు చెరుకురసం గ్లాసులోనే కనిపిస్తుంది లెండి, అది వేరే సంగతి.

మా ఊరి బాక్సర్ నిఖత్ జరీన్‌నే చూడండి. 2011లో, పదిహేనేళ్ళు నిండకుండానే జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయం. బ్యాంకు ఉద్యోగం 2021లో. 2022లో, 2023లో ప్రపంచ స్వర్ణాలు. డీఎస్పీ పోస్టు 2024లో. నజరానాలూ, స్పాన్సర్లూ ఉంటే ఉండొచ్చు గానీ, నెలనెలా జీతమొచ్చే ఉద్యోగానికి పదేళ్ళు పట్టింది. మనమేమో కోడు రాయడం రాకముందే, ట్రైనింగులో కునికిపాట్లు పడ్డందుకు జీతం తీసుకున్నవాళ్ళం!

సరే, ఆమె గెలిచింది. సెమీస్‌లో ఓడి బోధన్ బస్సెక్కే అమ్మాయి సంగతేంటి? గాయమైనా ఆగని స్టైపెండు ముందు ఇచ్చి, పోస్టుల సంగతి తర్వాత మాట్లాడుకుంటే పోలా?