దవాఖానా గాలి

మొన్న అమ్మను దవాఖానాకు తీసుకపోయిన. మందుల వరుసలో ఒక ముసలాయన ఒకటే దగ్గు. కిటికీలన్నీ బంద్. పక్కనే బాలింతలు, చంటిపిల్లలు. లోకంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. అది అంటేది గాలి ద్వారానే.

కిటికీలు తెరిస్తే పైసా ఖర్చు లేదు. తెరవలేని గదులకు హెపా ఫిల్టరు పెట్టెలున్నయి. గాలిని లోపలికి లాగి, 0.3 మైక్రాన్ల నలుసుల్ని సైతం 99.97 శాతం పట్టేస్తయి. అమెరికాలో 2020లో కోర్సి, రోసెంథాల్ అనేవాళ్లు మామూలు ఫ్యానుకు ఫిల్టర్లు బిగించి చౌక పెట్టె చేసే దారి చూపారు.

ఫిల్టర్లు మార్చే పైసలు కూడా ముందే మంజూరు చేయించాలె, లేకుంటే పెట్టె మూలకు పడ్తది. పెట్టేది డాక్టరుగారి గదిలో కాదు, మన వరుస నిలబడే కాడ. అడగండి.