ఎదురు చెప్పనివ్వండి

మంగళూరు విమాన ప్రమాదంపై విచారణ జరిపిన సంఘం నివేదికలో ఒక వివరం చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండాల్సిన దానికన్నా ఎత్తులో వస్తోంది. దింపకుండా మళ్లీ పైకి లేపమని కో పైలట్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు.

కింది ఉద్యోగి గట్టిగా చెప్పాలి, పై అధికారి చెవిన పెట్టాలి. విమానయాన రంగం 1980ల నుంచే పైలట్లకు ఈ శిక్షణ ఇస్తోంది. అలాంటి చోటే ఇలా జరిగితే, ఏ శిక్షణా లేని ఇళ్ల సంగతి, ఆఫీసుల సంగతి చెప్పాలా?

ఇంటర్‌లో ఎంపీసీనా బైపీసీనా, ఈ సంబంధం ఖాయం చేద్దామా వద్దా, పొలం అమ్ముదామా ఉంచుదామా... ఇంటిపెద్ద ఓ మాట అనేశాక పిల్లలు ‘మీ ఇష్టం నాన్నా’ అంటారు. పెంపకం గొప్పదని తల్లిదండ్రులు మురిసిపోతారు. చాలా ఇళ్లలో దాని వెనక ఉన్నది భయమే. మీటింగుల్లో వినిపించే ‘ఎస్ సార్’ కూడా ఆ తానులో ముక్కే.

అణచుకున్న మాట ఊరికే పోదు. భావోద్వేగాలను ముఖంలో కనిపించనీయకుండా దాచుకునే వారి శరీరంలో ఏం జరుగుతుందో స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ ఏళ్ల తరబడి పరిశీలించారు. పైకి ప్రశాంతంగా కనిపించినా లోపల గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుందని తేలింది. 2003లో ఆయన సహచరులతో కలిసి ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. కలత పెట్టే సినిమా చూశాక ఇద్దరిద్దరు మహిళలను కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం మనసులోది బయటపడనీయొద్దని చెప్పారు. ఆ సంగతి తెలియని ఎదుటి మనిషికి కూడా రక్తపోటు పెరిగింది. అంటే ఇంట్లో ఒకరు మూగనోము పడితే ఆ భారం ఇంటిల్లిపాదీ మోయాల్సి వస్తుందన్నమాట.

నలుగురితో నారాయణ అనడం ఎంత సులువో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1950లలోనే చూపించారు. గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పడమే పరీక్ష. చిన్నపిల్లలైనా చెప్పగలరు. గదిలో మిగతా అందరూ ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబితే, అసలు పరీక్షార్థి సుమారు మూడింట ఒక వంతు సార్లు వాళ్లకే వంతపాడాడు. వాళ్లలో ఒక్కరు నిజం చెప్పినా చాలు, ఆ లొంగుబాటు దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ‘కాదు’ అన్న ఒక్క గొంతు పక్కవాడికీ ధైర్యమిస్తుంది.

ఎదురు చెప్పనిస్తే ఇల్లు రచ్చకెక్కదా అని పెద్దల భయం. టీవీ చర్చల్లో అరుపులు చూస్తే ఆ భయం సహజమే. కానీ అభిప్రాయభేదం వేరు, అవమానించడం వేరు. దంపతుల తగాదాలను దశాబ్దాలుగా గమనించిన జాన్ గాట్‌మన్ కాపురాలను కూల్చే వాటిలో ముందుగా చెప్పేది ఈసడింపు గురించి. వాదించుకోవడం గురించి కాదు.

ఎంత పెద్ద అభిప్రాయభేదమైనా మనుషుల్ని విడదీయనక్కర్లేదనడానికి తెలుగు నేలలోనే సాక్ష్యం ఉంది. కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా 1944లో సేవాగ్రామ్ వెళ్లి, దేవుడే సత్యమని నమ్మిన గాంధీతో దేవుడు లేడనే వాదించారు. ఎవరూ తమ నమ్మకం వదులుకోలేదు. అయినా గోరా కుమార్తెకు దళిత యువకుడితో ఆశ్రమంలో పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ సరేనన్నారు. ఆయన హత్యకు గురైన కొన్ని వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

అక్కడ గమనించాల్సింది గోరా ధైర్యాన్నే కాదు, గాంధీ ఓర్పును కూడా. ‘ధైర్యంగా మాట్లాడండి’ అని చిన్నవాళ్లకు నీతులు చెప్పడం తేలిక. మాట్లాడితే నష్టం లేదన్న భరోసా ఇవ్వాల్సింది మాత్రం అధికారం చేతిలో ఉన్నవాళ్లే. సైనిక న్యాయస్థానాల్లో కింది హోదా సభ్యుడి అభిప్రాయమే ముందు అడిగే పద్ధతి ఉంది, పై అధికారి మాట విన్నాక అతను నోరు కట్టేసుకోకుండా. ఇంటి పెద్దలు, ఆఫీసు బాసులు, హెడ్మాస్టర్లు ఈ పద్ధతిని ఈ వారమే మొదలుపెట్టొచ్చు. తీసుకోబోయే తర్వాతి నిర్ణయంలో అందరికన్నా చిన్నవాళ్లను ముందు అడగండి, మీ మాట చివర్లో చెప్పండి.